లింగిచెట్టి వీధి నుంచి బంగారుపాళ్యం దాకా

ఇరవై రెండేళ్లుగా మామిడి గుజ్జును నేను కాగితం మీదే చూస్తున్నాను. చెన్నై లింగిచెట్టి వీధిలో, మేడ మీద ఒక ఇరుకు గదిలో మా ఆఫీసు. ఓడ ఎక్కే సరుకుకు కస్టమ్స్ వారి అనుమతి తెచ్చిపెట్టడం మా పని. అమ్మ వైపు వాళ్లది చిత్తూరు జిల్లా. నాన్న ఉద్యోగం వల్ల నేను పుట్టిందీ పెరిగిందీ చెన్నైలోనే. నా బల్ల మీదికి వచ్చే షిప్పింగ్ బిల్లుల్లో ఒక వరుస నాకు కంఠతా వచ్చేసింది: తోతాపురి మామిడి గుజ్జు, 80 డ్రమ్ములు, డ్రమ్ముకు నికర బరువు 215 కిలోలు. చేరవలసిన రేవు ఒకసారి జెద్దా, ఒకసారి రాటర్‌డామ్. ఎనిమిది అంకెల సరుకు కోడ్, ధర, ఓడ పేరు, అన్నీ ఉంటాయి. ఆ డ్రమ్ము మూత బిగించిన మనిషి పేరు రాయడానికి మాత్రం గడి లేదు.

2025 జూన్‌లో బావ ఫోను చేశాడు. మేనమామ కొడుకు. బంగారుపాళ్యం దగ్గర ఆరెకరాల మామిడి తోట ఉంది. పలకరింపు కూడా లేకుండా, "కాయ కొనే దిక్కు లేదు. మీ ఓడలేమైనా మునిగిపోయాయా బావా?" అని అడిగాడు. అడిగిన తీరుకు నవ్వు వచ్చింది గానీ, జవాబు నోటికి రాలేదు. ఐదు రోజులు సెలవు పెట్టాను.

మొదటి రోజు: తిరుమల

సప్తగిరి ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే చెన్నై సెంట్రల్ వదులుతుంది. అరక్కోణం దాకా కునుకు తీసి, పుత్తూరు దగ్గర కొండలు కనబడగానే లేచి కూర్చున్నాను. తిరుపతిలో దిగాక నేరుగా చిత్తూరు బస్సు ఎక్కవచ్చు. కానీ మా ఆవిడ మొక్కు ఒకటి నా నెత్తిన ఉంది, అక్షరాలా నెత్తినే. అర్పించడానికి అక్కడ పెద్దగా ఏమీ మిగలలేదన్నది వేరే సంగతి.

కల్యాణకట్టలో నా వంతు రెండు నిమిషాల్లో అయిపోయింది. క్షురకుడు తల తడిపి, సగం బ్లేడు బిగించిన కత్తితో నాలుగు గీతలు గీసి, "గోవిందా అనుకోండి" అన్నాడు. పక్క వరుసలో ఒక మహిళా క్షురకురాలు ఇరవై ఏళ్ల అమ్మాయికి గుండు చేస్తోంది. నడుము దాటిన జుట్టు. కత్తి పెట్టే ముందు దాన్ని రెండు పాయలుగా చీల్చి, రెండింటినీ ముడి వేసింది. గుండు పూర్తయ్యేసరికి జుట్టు చెదరకుండా, మొదళ్లన్నీ ఒకవైపు, కొసలన్నీ ఒకవైపు ఉన్న కట్టలుగా చేతిలోకి వచ్చింది. ఆ ముడి నన్ను అక్కడే నిలబెట్టేసింది. మా వీధిలో వెంట్రుకల సరుకు చూసే మిత్రుడు చెప్పేవాడు, మొదలూ కొసా కలగాపులగం కాని జుట్టుకే పైదేశాల్లో ధర అని. చిక్కు పడని విగ్గు దానితోనే తయారవుతుందట. ఆ ధర ఇదిగో, ఈవిడ రెండు ముడుల్లో ఉంది. ఆవిడకు ఆ సంగతి తెలుసో లేదో అడగడానికి ధైర్యం చాలలేదు. వెనక బారు ఒత్తుతోంది.

భక్తులు ఇచ్చిన తలనీలాలను దేవస్థానం పొడవును బట్టి రకాలుగా విడదీసి, ఇంటర్నెట్‌లో వేలం వేస్తుంది. అన్నిటికంటే పొడవైనది మొదటి రకం. నెరిసిన జుట్టుకూ ఒక రకం ఉంది, కనుక నా వాటా కూడా ఎక్కడో ఒక మూట చేరుతుంది. విచిత్రం ఏమిటంటే, జుట్టు ఇక్కడిది, దాన్ని శుభ్రం చేసి, దువ్వి, కట్టలు కట్టే పని చాలావరకు ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు సాగుతుంది. పల్లెల్లో స్టీలు సామాన్ల వాళ్లు ఇంటింటా పోగుచేసే చిక్కు వెంట్రుకలదీ అదే దారి. కొన్నేళ్ల పాటు శుభ్రం చేయని ఆ ముడి వెంట్రుకలు దువ్వెన తగలకుండానే దొడ్డిదారిన మయన్మార్ మీదుగా చైనాకు పోయాయి. ఇక్కడి దువ్వెనలు ఖాళీగా కూర్చున్నాయి. 2022 జనవరిలో కేంద్రం ముడి వెంట్రుకల ఎగుమతికి ఆంక్షలు పెట్టింది. సరుకు పోనిస్తే డాలర్లు వస్తాయి కదా, ఎందుకు ఆపడం అని ఆ రోజుల్లో మా వీధిలో విసుక్కున్నవాళ్లలో నేనూ ఒకడిని. మా లెక్క టన్నుల్లో ఉంటుంది. టన్ను దాటిపోతే మా పని అయినట్టే. ఆ టన్ను ఏ అవతారంలో దాటిందన్నది మా కాగితానికి పట్టదు.

దర్శనం గురించి రాయను. తొమ్మిది గంటలు పట్టింది. దాని కథ ప్రతి తెలుగు ఇంట్లోనూ ఉన్నదే.

రెండో రోజు: బంగారుపాళ్యం

చంద్రగిరి, పూతలపట్టు మీదుగా బస్సు. కోట దాటిన తర్వాత రోడ్డుకు ఇరువైపులా మామిడి తోటలే. చిత్తూరులో బస్సు మారి బెంగళూరు రోడ్డు పట్టుకున్నాక మొదట వాసన తగిలింది, తర్వాత ట్రాక్టర్లు కనిపించాయి. పులిసిన తీపి వాసన, అమ్మమ్మ ఇంట్లో అటక మీద మరిచిపోయిన పళ్ల బుట్ట వాసన. ఒక ఫ్యాక్టరీ గేటు నుంచి మొదలైన ట్రాక్టర్ల బారు రోడ్డు అంచున మలుపు తిరిగి కనుమరుగైంది. ఎన్ని ఉన్నాయో లెక్క పెడదామని మొదలుపెట్టి ఎనభై దగ్గర ఆపేశాను. నా నోటికి అలవాటైన అంకె అది.

బావ బారులోనే ఉన్నాడు, మొన్న సాయంత్రం నుంచి. ట్రాలీ కింద టార్పాలిన్ పరుచుకుని, టవలు తలకింద పెట్టుకుని పడుకున్నాడు. నన్ను చూసి లేచి, నా గుండు చూసి నవ్వి, "స్వామికి ఇచ్చేశావు. ఇక మాకేమి తెచ్చావు?" అన్నాడు. ట్రాలీలో ఐదు టన్నుల కాయ. అడుగున ఉన్నవి మెత్తబడి, చెక్కల సందుల్లోంచి రసం చుక్కలు చుక్కలుగా తారు మీద పడుతోంది. ఈగలు. ఒక అవ్వ బారు పొడవునా మజ్జిగ అమ్ముకుంటూ పోతోంది. ఈ సీజనులో రొక్కం చేతబట్టి ఇంటికి పోతున్న మనిషి ఆవిడ ఒక్కతే అని బావ ఎత్తిపొడుపు.

ఆ సీజను లెక్క ఇలా ఉంది. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలి, రాష్ట్ర ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుంది, మొత్తం 12. కాగితం మీద బాగానే ఉంది. గేటు దగ్గర ఆ 8 అందరికీ 8గా పలకడం లేదన్నది బారులో ఉన్నవాళ్ల గోడు. కాయ మెత్తబడిందని తరుగు, చిన్నదని తరుగు. ఇక బారులో నిలబడిన ప్రతి రోజుకూ ట్రాక్టరు బాడుగ. కోత కూలీ ముందే ఇచ్చేశారు. "ఐదు టన్నులకు వచ్చేది నలభై వేలు. రెండు రాత్రుల బాడుగ, కోత, లోడింగు తీసేస్తే..." అని బావ వేళ్లు మడిచి, మధ్యలో వదిలేశాడు. నేను కూడా పూర్తి చేయమనలేదు.

జూన్ మొదటి వారంలో చిత్తూరు జిల్లా యంత్రాంగం పక్క రాష్ట్రాల తోతాపురి ఇక్కడి ఫ్యాక్టరీలకు రాకుండా ఆపింది. సరిహద్దుకు అవతల కోలారు జిల్లా రైతులు లబోదిబోమన్నారు. కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. వాళ్ల కాయకూ ఇదే దిక్కు మరి. గుజ్జు ఫ్యాక్టరీలు ఒకచోట గుంపుగా ఉన్నది చిత్తూరులో, తమిళనాడు కృష్ణగిరిలో. చుట్టుపక్కల మూడు రాష్ట్రాల తోతాపురి ఈ గేట్ల వైపే చూస్తుంది.

తోతాపురితో చిక్కే అది. బేనీషా, అంటే బంగినపల్లి అయితే ఢిల్లీ లారీ ఎక్కుతుంది, ఇంట్లో తింటారు, వియ్యంకులకు పంపుతారు. తోతాపురి పచ్చిగా ఉప్పూకారం అద్దుకుని బడి పిల్లలు తింటే తినాలి, పండితే ఫ్యాక్టరీయే తినాలి. చెట్టు విరగ కాస్తుంది, దెబ్బకు ఓర్చుకుంటుంది, గుజ్జు ఎక్కువ దిగుతుంది. ఫ్యాక్టరీలు అడిగాయని ఊరూరా అదే నాటారు. మా మేనమామ కూడా చెనిక్కాయ చేను తీసేసి అంట్లు పెట్టాడు. కాయకు తలుపు ఒక్కటే అయింది. ఆ తలుపు తీసి ఉన్నన్నాళ్లూ అది ఒక్కటే ఉందన్న సంగతి ఎవరికీ గుర్తుకు రాలేదు.

మధ్యాహ్నం అక్క, అంటే బావ భార్య, మోపెడ్ మీద సంగటి, ఊరుబిండి తెచ్చింది. ట్రాలీ నీడన కూర్చుని తింటుండగా బావ మళ్లీ అడిగాడు, ఓడల సంగతి. ఈసారి చెప్పాను.

"మునగలేదు బావా. చుట్టు తిరిగి పోతున్నాయి."

2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాయి. యూరప్ పోయే ఓడలు చాలావరకు అప్పట్లో సూయజ్ కాలువ వదిలి ఆఫ్రికా కొన చుట్టి పోతుండేవి. పది రోజులకు పైగా అదనపు ప్రయాణం. ఓడలు దూరం తిరిగితే ఖాళీ కంటైనర్లు వెనక్కి రావడమూ ఆలస్యమే. మనకు దొరికే కంటైనరుకు బాడుగ పెరుగుతుంది. గుజ్జు కొనే దేశాల్లో సౌదీ ఉంది, నెదర్లాండ్స్ ఉంది, యెమెన్ ఉంది. ఆ చివరిదైతే ఆ దాడులు పుట్టిన దేశమే. నిరుటి గుజ్జు డ్రమ్ములు గోదాముల్లో మిగిలిపోతే, ఈ ఏడు కాయకు చోటేదీ? నేను సంగటి ముద్దను మధ్యధరా చేసి, ఊరుబిండితో ఆఫ్రికా గీసి చూపించాను. అక్క ఓపికగా విని, "అక్కడెక్కడో ఓడ మీద బాంబు వేస్తే ఇక్కడ మా కాయ కుళ్లుతుందా?" అంది. తర్వాత ఆఫ్రికాను నా కంచంలోంచి తీసి బావకు వడ్డించింది.

అయితే తప్పంతా ఓడల మీదికి నెట్టడానికీ లేదు. గుజ్జు అంతా ఓడ ఎక్కదు. మన దేశంలో మామిడి పానీయాలు అమ్మే కంపెనీలూ పెద్ద కొనుగోలుదార్లే. ఆ ఏడు కాయ విపరీతంగా కాసింది. నేను చెప్పింది నా కిటికీలోంచి కనబడే ముక్క మాత్రమే.

మూడో రోజు: ఫ్యాక్టరీ లోపల

మా ఆఫీసుకు సరుకు పంపే ఫ్యాక్టరీల్లో ఒకటి అక్కడికి దగ్గరే. పేరెందుకు లెండి. అక్కడి మేనేజరుకు నా సంతకం ఎనిమిదేళ్లుగా తెలుసు, ముఖం తెలియదు. "సంతకం చూసి మీరు లావుగా ఉంటారనుకున్నాను" అన్నాడు. తలకు వలటోపీ, కాళ్లకు బూట్లు ఇచ్చారు. కొత్త గుండు మీద వలటోపీ ఎలా ఉందో అక్కడి ఆడవాళ్ల నవ్వులను బట్టి ఊహించుకున్నాను.

కాటా దాటిన కాయ నేరుగా యంత్రంలోకి పోదు. తోతాపురి గట్టిగా ఉండగానే కోస్తారు కనుక షెడ్లలో పరిచి మాగబెడతారు. మాగినవాటిని నీళ్లతో కడిగి బెల్టు మీదికి వదులుతారు. బెల్టుకు రెండు వైపులా ఆడవాళ్లు. మెత్తనిది ఇటు, మచ్చ ఉన్నది అటు, తొడిమ దగ్గర కోసి ముందుకు. కళ్లు కాయ మీద, మాటలు పక్క మనిషితో. ఒకావిడ నాతో మాట్లాడినంతసేపూ ఒక్కసారి కూడా తలెత్తలేదు, చేతిలో కాయ ఆగలేదు. చుట్టుపక్కల ఊరు. ఎనిమిది మంది కలిసి ఒక ఆటో మాట్లాడుకుని వస్తారు. పగలు ఒక వారం, రాత్రి ఒక వారం.

"ఎన్నాళ్లుంటుందమ్మా పని?"

"కాయ ఉన్నన్నాళ్లు సార్. రెండు నెలలు. ఈసారి కాయ ఉంది గానీ రోజూ పని ఉంటుందో లేదో సాయంత్రం చెబుతున్నారు."

"మిగతా పది నెలలు?"

"చింతపండు కొట్టడం, చెనిక్కాయలు వలవడం, ఉపాధి పని. బడులు తెరిచేటప్పుడు చేతికి డబ్బు వచ్చేది మాత్రం దీంట్లోనే."

కాయ కోసే నెలా, ఫీజులు కట్టే నెలా ఒకటే కావడం ఎవరి పంచాంగమో గానీ, ఆ ఒక్క కలయిక మీద చాలా ఇళ్లు నడుస్తున్నాయి.

బెల్టు తర్వాత మనుషులు తగ్గి ఉక్కు పెరుగుతుంది. టెంక వేరయ్యే యంత్రం, తొక్కా పీచూ వడకట్టే జల్లెడలు, వేడి చేసే గొట్టాలు. గుజ్జు నూరు డిగ్రీలు దాటి వేడెక్కి, వెంటనే చల్లబడి, గాలి సోకకుండా చివరి గదికి వస్తుంది. దారిలో ప్రయోగశాల. ఒక అమ్మాయి, డిగ్రీ చదివి ఇది రెండో సీజనట, గాజు పలక మీద గుజ్జు చుక్క వేసి నన్ను చూడమంది. వెలుగు నీడల గీత 14 అంకెకు కాస్త పైన నిలిచింది. బ్రిక్స్, అంటే తీపి కొలత. నా కాగితాల్లో వందలసార్లు టైపు చేసిన మాట. అది ఒక చుక్క మీద నీడ అని అప్పుడు తెలిసింది.

చివరి గదిలో నేను వెతుక్కుంటూ వచ్చిన మనిషి దొరికాడు.

ఇనుప డ్రమ్ములో వెండి రంగు సంచి. సంచి మూతి యంత్రం నోటికి అందించగానే బుస్సుమని ఆవిరి. ఆ ఆవిరిలోనే మూత ఊడుతుంది, గుజ్జు దిగుతుంది, మళ్లీ మూత పడుతుంది. కింద తూకం అంకెలు పరుగెత్తి 215 దగ్గర ఆగుతాయి. అతను సంచిని లోపలికి సర్ది, డ్రమ్ము మూత పెట్టి, చుట్టూ ఇనుప రింగు వేసి, బోల్టు బిగించి, చెవి దగ్గర సుత్తితో ఒక దెబ్బ కొడతాడు. రింగు సరిగా కూర్చున్నదీ లేనిదీ ఆ చప్పుడుకే తెలుస్తుందట. తర్వాత పక్కన లాట్ నంబరు. ముప్పై ఏళ్లుంటాయి. ఒక షిఫ్టులో ఎన్ని బిగిస్తావంటే, "లెక్క సూపర్వైజరు రాసుకుంటాడన్నా, మనం చప్పుడు వినడమే" అన్నాడు.

"ఇది ఎక్కడికి పోతుందన్నా?" అని అతనే అడిగాడు. చేస్తున్న పని గురించి అడగవలసినది నేను, చేరే చోటు చెప్పవలసినదీ నేనే. సరుకు ఇంకా ఎవరికీ కేటాయించలేదు గానీ, మామూలుగా ఈ రకం ఎక్కువగా గల్ఫ్ వైపు పోతుందని చెప్పాను.

"మా బామ్మర్ది కువైట్‌లో డ్రైవరు. ఎండకు అక్కడ మామిడి రసమే తాగుతానంటాడు. ఇదే తాగుతున్నాడేమో."

అయి ఉండవచ్చు. ఈ ఊళ్ల నుంచి గల్ఫ్‌కు మనుషులూ పోతారు, గుజ్జూ పోతుంది.

ట్రాక్టరును బారులోనే వదిలి బావ ఆ పూటకు ఇంటికి వచ్చాడు. రాత్రి అరుగు మీద కూర్చుని కంటైనరు లెక్క వేశాను. 80 డ్రమ్ములంటే 17.2 టన్నుల గుజ్జు. కాయలో దాదాపు సగమే గుజ్జు అవుతుంది కనుక 35 టన్నుల దాకా కాయ కావాలి. బావ ట్రాక్టరు లాంటివి ఏడు. అంటే నేను ఒక పూటలో పూర్తిచేసే ఒక్క బిల్లు వెనక ఏడు ట్రాలీలు, ఏడుగురు డ్రైవర్లు, చిక్కం కట్టిన గడలతో కాయ కోసినవాళ్లు, ఎత్తినవాళ్లు, కాటా గుమాస్తా, బెల్టు దగ్గరి ఆడవాళ్లు, చుక్క చూసిన అమ్మాయి, సుత్తి దెబ్బ కొట్టిన కుర్రాడు, చెన్నై రేవు దాకా లారీ తోలిన మనిషి ఉన్నారు. చివర్న కంప్యూటర్ ముందు నేను. పంక్చర్లు వేసేవాణ్ణి, మజ్జిగ అవ్వను ఏ ఖాతాలో రాయాలో తెలియలేదు. ఎగుమతి వల్ల ఇన్ని ఉద్యోగాలు అని ఎవరైనా అంకె చెబితే, ఆ అవ్వను కలిపారా అని అడగాలనిపిస్తుంది.

బావ ఆ లెక్క విని ఇంకో లెక్క అడిగాడు. "డ్రమ్ము రాటర్‌డామ్‌లో దిగాక ఏమవుతుంది?" నీళ్లు, చక్కెర కలిపి అట్టపెట్టెల్లో నింపుతారు, పెరుగులో కలుపుతారు, ఐస్‌క్రీములో వేస్తారు. "ఆ పని చేసేవాళ్లు ఎంతమంది?" తెలియదన్నాను. "మనకంటే తక్కువమందే ఉంటారు, కానీ వాళ్ల చేతికి మనకంటే ఎక్కువే వస్తుంది" అన్నాడు. బావ పదో తరగతి తప్పాడు. మా ఆఫీసులో ఈ ప్రశ్న ఎవరూ అడగగా నేను వినలేదు.

నాలుగో రోజు: శ్రీకాళహస్తి

తిరుపతి దాకా వెనక్కి, అక్కడి నుంచి రేణిగుంట మీదుగా కాళహస్తి. కరకంబాడి వైపు చూస్తే బ్యాటరీల ఫ్యాక్టరీ గుర్తొచ్చింది. 1985లో మొదలైన అమరరాజా ఇప్పుడు చాలా దేశాలకు బ్యాటరీలు పంపుతోంది. బ్యాటరీకి సీజను లేదు. నిన్నటి బెల్టు దగ్గర ఆవిడ మాట తర్వాత, పన్నెండు నెలల పని అన్నది నాకు కొత్త మాటలా వినిపించింది.

కాళహస్తిలో ఒక కలంకారీ ఇల్లు. పేరున్న కళాకారుల ఇల్లు కాదు. ఈ ఊళ్లో జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది, 2005లోనే ఈ కళకు భౌగోళిక గుర్తింపు దక్కింది. నేను వెళ్లినది గుర్తింపులు ఏవీ గడప తొక్కని ఇంటికి. భార్యాభర్తలిద్దరూ నేల మీద కూర్చుని ఒకే బట్ట మీద రెండు కొసల నుంచి గీస్తున్నారు. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెట్టిన బట్ట. కలం అంటే వెదురు పుల్ల, దాని నడుమ నూలు చుట్టిన గుడ్డ ఉండ. ఉండను వేలితో నొక్కితే కొసకు రంగు దిగుతుంది. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టిన కసిమి అది. బట్ట మీద పడినప్పుడు నీరుకావి రంగులో ఉండి, కరక్కాయ తగిలి చూస్తుండగానే నల్లబడుతుంది. ఆవిడ ఒక నెమలి కన్ను గీసి, అది నల్లబడేదాకా ఆగి, తర్వాతి కన్నుకు పోతోంది. తొందరపడి చేయి పెడితే అలుక్కుపోతుంది.

ఎగుమతి ఆర్డర్ల మాట ఎత్తితే ఆయన నవ్వాడు. "వస్తాయి సార్. ఒక నమూనా చూపించి, ఇలాంటివే మూడువందలు, అన్నీ ఒకేలా ఉండాలంటారు. ఒకేలా రావాలంటే అచ్చు వేయాలి. కలం పట్టుకున్న చేతికి పొద్దున ఒక గీత వస్తుంది, సాయంత్రం ఒక గీత వస్తుంది." ఒకసారి నలభై దుపట్టాలు రంగు తేడా ఉందని తిరిగి వచ్చాయట. నెలన్నర పని. వాటిని ఊళ్లోనే సగం ధరకు అమ్ముకున్నారు. పంపిన వ్యాపారి పేరు ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. బయటి దేశం సరుకు కొనడం అంటే చేతిని కూడా తన కొలతకు కోసుకోవడమే అని అక్కడ అనిపించింది. గుజ్జుకు 14 బ్రిక్స్ సరిపోయింది. ఈవిడ నెమలి కన్నుకు ఏ కొలత పెడతారు? నేను ఒక దుపట్టా కొన్నాను. బేరం ఆడలేదు. మా ఆవిడ ఆడి ఉండేదని తర్వాత చెప్పింది.

ఐదో రోజు: శ్రీసిటీ, తడ

పొద్దున్నే బయలుదేరి సత్యవేడు వైపు. రోడ్డు మీద మనుషుల కంటే కంపెనీ బస్సులే ఎక్కువ. ప్రతి పల్లె మలుపులోనూ మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న అమ్మాయిలు నాలుగేసి, ఐదేసి. కొందరి చేతిలో టిఫిను డబ్బా, కొందరు జడ బస్సులో వేసుకుంటున్నారు.

శ్రీసిటీ 2008లో మొదలైంది. ఇందులో కొంత భాగం ప్రత్యేక ఆర్థిక మండలి. సుంకాల లెక్కలో అది విదేశం కిందే జమ. అక్కడి సరుకు రోడ్డు దాటి మన వైపు వస్తే దిగుమతి సుంకం కట్టాలి. మా వృత్తిలో ఇది రోజూ ఉండేదే గానీ, సత్యవేడు పొలాల నడుమ గేటు దగ్గర నిలబడి అవతల గడ్డి మేస్తున్న గేదెను చూస్తూ అది ఏ దేశపు గేదె అని ఆలోచించడం మాత్రం ఇదే మొదటిసారి. లోపలికి పంపలేదు. నా సంతకం ఇక్కడ ఎవరికీ తెలియదు.

ఇక్కడి ఆల్‌స్తోమ్ కర్మాగారంలో చేసిన మెట్రో రైళ్లు సిడ్నీకి పోయాయి. మొదటిది 2017లో చేరింది. ఆ తర్వాత కెనడాలోని మాంట్రియల్‌కు కూడా ఇక్కడి పెట్టెలే. మామిడి కాయకు డ్రమ్ము దాకానే మన చేయి. రైలు పెట్టె మాత్రం ఇక్కడే పెట్టెగా తయారై పోతుంది.

గేటు బయట టీ కొట్టు పెద్దాయన పొలం లోపలికి పోయిందట. ఎక్కడుండేదో వేలితో చూపించాడు. అక్కడ ఇప్పుడు నీళ్ల ట్యాంకు ఉంది. మనవరాలు లోపల ఒక కంపెనీలో నెల జీతానికి చేస్తోంది. "భూమి ఉంటే ఆ పిల్ల కలుపు తీస్తుండేది" అన్నాడు. సంతోషంగా అన్నాడా, బాధగా అన్నాడా పోల్చుకోలేకపోయాను. టీ తాగుతూ ఇంకోసారి అడుగుదామనుకునేలోపు షిఫ్టు బస్సు వచ్చి కొట్టు నిండిపోయింది.

తడ దగ్గర చెన్నై బస్సు ఎక్కాను. గుమ్మిడిపూండి దాటుతుండగా బావ ఫోను. ఇంకో రెండు రాత్రుల తర్వాత ట్రాలీ ఖాళీ అయిందట. తరుగు ఎంత తీశారంటే చెప్పాడు. చెప్పకపోయినా బాగుండేది. గురువారం ఇంకో కోత ఉందన్నాడు. కోయకపోతే చెట్టు కింద రాలిన కాయ ఏరించడానికీ కూలీయే కదా అన్నాడు.

పక్కన కంటైనర్ లారీలు వరసగా రేవు వైపు పోతున్నాయి. బస్సు ఒకదాన్ని దాటేసరికి ఇంకొకటి.

"బావా, ఇంతకీ ఆ చుట్టు తిరిగే ఓడల పేర్లు చెప్పు."

"పేర్లెందుకు?"

"బారులో రాత్రంతా కూర్చోవాలి కదా. ఎవరిని తిట్టాలో తెలియాలి."

రెండు పేర్లు చెప్పాను. అతను రాసుకున్నాడు.